నీళ్లు అడగని తోట

ఆ రోజుల్లో తోట అంటే పూలు కాదు, నీళ్లు. నీళ్లు అంటే మోటారూ కాదు, గొట్టమూ కాదు, ఎవరో ఒక ఆడమనిషి నడుము. ఇది తెలియని వాళ్లు ఈ రోజుల్లో తోటల గురించి చెప్తుంటే ముసలివాణ్ణి కాబట్టి నేను కూర్చుని వినాల్సి వస్తోంది. మొన్న మా మనవరాలు (శేరిగూడలో ఇంజనీరింగు చదువుతోంది, అక్కడ ఒకప్పుడు జొన్న మొలిచిన చోటల్లా ఇప్పుడు కాలేజీలు మొలిచాయి) ఇంటి ముందు ఉన్న కాస్త జాగాలో గులకరాళ్లు పరిచి, నాలుగు జెముడు మొక్కలు పాతి, చేతులు దులుపుకుంటూ "తాతా, దీన్ని లో మెయింటెనెన్స్ గార్డెన్ అంటరు. నీళ్లు వద్దు, పని వద్దు, స్టైల్‌గా ఉంటది. ఇప్పుడు కొత్తగ అందరు ఇట్లనే పెట్టుకుంటున్నరు" అంది. కొత్తగానట! నాకు ఒళ్లు మండిపోయింది. "ఇసొంటి తోట మీ నాయిన పుట్టకముందే నేను ఏసిన" అన్నాను. "అవ్ తాతా, నువ్వు అన్నీ చేసినవ్" అని నవ్వి, తన తోటకు ఫోనులో ఫోటో తీసుకుని లోపలికి పోయింది. ఆ నవ్వుకు జవాబుగా ఇది రాస్తున్నాను. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. కిరాణా దుకాణంలో బెల్లం, చింతపండు కట్టి ఇచ్చిన కాగితాల మీద ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. రాతలో ఎక్కడైనా పద్ధతి తప్పితే ఆ పాపం బెల్లానిది.

మా ఇబ్రహీంపట్నంలో అప్పుడొక దొర ఉండేవాడు. పేరెందుకు, ఊరంతా చాటుగా నక్షా దొర అనేది. ప్రతిదానికీ కాగితం మీద నక్షా గీయందే ఆయనకు అన్నం సయించేది కాదు. పశువుల కొట్టానికి నక్షా, గడ్డివాముకు నక్షా. కోళ్లు ఎక్కడ గుడ్లు పెట్టాలో కూడా నక్షా గీశాడు (కోళ్లు దాన్ని చదవలేదు). ఆయన బావ ఒకాయన పట్నంలో పెద్ద బంగళా కట్టుకుని, ముందర గులాబీలు, మెత్తటి గడ్డి, మధ్యలో నీళ్లు చిమ్మే ఫౌంటెను పెట్టుకున్నాడు. అది చూసి వచ్చినప్పటినుంచి మా దొరకు నిద్ర లేదు. గడి (కోటలాంటి దొర ఇల్లు) ముందరి జాగా అంతా దున్నించి గులాబీలు పెట్టించాడు, పట్నం నుంచి గడ్డి తెప్పించి పరిపించాడు. గడి లోపల బావి ఉంది కానీ అందులోవి ఉప్పు నీళ్లు. గులాబీలు ఆ నీళ్లు తాగవు. వాటికి పెద్ద చెరువు నీళ్లు కావాలి. చెరువు నుంచి గడి దాకా ఆ నీళ్లు మోసే పని మా వాడది.

మేము చేపలు పట్టుకుని బతికేవాళ్లం. మగవాళ్లు చెరువులో వల వేయాలి, ఆడవాళ్లు గడికి నీళ్లు మోయాలి. ఎందుకు మోయాలి అని అడిగినవాడు లేడు, ఇంత గింజలు పెడతాం అని చెప్పినవాడూ లేడు. దాన్ని వెట్టి అంటారు. తక్కిన ఇళ్లలో అత్తాకోడళ్లు వంతులు వేసుకునేవాళ్లు. మా నాయన నా చిన్నప్పుడే జ్వరంతో పోయాడు, నాకు అక్కచెల్లెళ్లు లేరు, కాబట్టి మా ఇంటి వంతు అంటే మా అవ్వ ఒక్కతే (మా వైపు తల్లినే అవ్వ అంటాం). పొద్దున ఇరవై బిందెలు, సాయంత్రం ఇరవై బిందెలు. ఆమె గడి పెద్ద దర్వాజ నుంచి పోకూడదు, పక్కసందులోంచి వెనకగా పోవాలి. అయినా మా అవ్వ నోరు ఊరుకునేది కాదు. గడ్డి మీద నీళ్లు గుమ్మరిస్తూ దానితో, "ఏమే, బర్రె గూడ ఇంత తాగదు గదనే, తాగి పాలిస్తవా, పెరుగిస్తవా" అనేది. గులాబీలతో, "పూస్తే దొర్సాని కొప్పులకు, గుచ్చితే నా చేతులకు, మంచిగనే నేర్చుకున్నరు" అనేది. బిందె ఆనే చోట ఆమె నడుము మీద అరచేయంత నల్లటి కాయ కాచి ఉండేది. సాయంత్రాలు నేను వెచ్చటి ఆముదం పెట్టి రుద్దితే, "జర మెల్లగ రుద్దు బిడ్డా, బిందె తోముతున్నవా, అవ్వను తోముతున్నవా" అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

ఆ గడి తోటలోనే నేనూ పని చేసేవాణ్ణి. అదీ వెట్టే. నా పైవాడు పట్నం నుంచి వచ్చిన మాలి చాచా. తెల్లటి గడ్డం, చేతిలో ఎప్పుడూ కత్తెర, ప్రతి గులాబీకి ఒక బేగం పేరు పెట్టుకుని పిలిచే మనిషి. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. మీసం వచ్చింది, దానితోపాటు కోపం వచ్చింది. నల్లగొండ వైపు నుంచి సంగం మాటలు మా ఊరి దాకా వస్తున్నాయి. వెట్టి చేయొద్దు, దొర పిలిస్తే పోవద్దు అని. పగటిపూట ఖాకీ బట్టల వాళ్లు లారీల్లో వచ్చి ఎవరెవరు ఆ మాటలు వింటున్నారో ఆరా తీసి పోయేవాళ్లు. మా వాడ ఆడవాళ్లు మాత్రం ఏ మాటా అనకుండా తెలివిగా జ్వరాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఈ రోజు ఈ ఇంట్లో జ్వరం, రేపు ఆ ఇంట్లో జ్వరం. వాడంతా ఇంత క్రమంగా జ్వరాలు పడటం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. కానీ గడి మనిషి వచ్చి గద్దిస్తే జ్వరం అని చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి కదా. నేనా పొద్దంతా గడి తోటలోనే, ఇక మా అవ్వకు ఎవరున్నారు? అందరి బిందెలూ ఆమె మీద పడ్డాయి.

ఆ ఎండాకాలంలో ఒకరోజు పొద్దున చెరువు కట్ట ఎక్కుతూ ఆమె కూలబడిపోయింది. బిందె దొర్లి దొర్లి మళ్లీ చెరువులోనే పడింది. నేను పరుగెత్తుకుని పోయేసరికి చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఏంగాలే బిడ్డా, దాని నీళ్లు దానికే పోసిన" అంది. అప్పుడు నేను లేచి, "నేను సంగంల కలుస్త, పోత" అన్నాను. ఆమె నా చేయి పట్టుకుంది. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. "నాకు ఒక్కనివి. ఏమన్న చెయ్యాల్నంటే నా కండ్ల ముందటనే చెయ్యి" అంది. సరే, కళ్ల ముందరే చేయాలి, ఆమె నడుము మీదనుంచి బిందె దిగాలి. నా వయసు వాళ్లు తుపాకులు పట్టుకున్న కాలంలో నేను సున్నం కుంచె పట్టుకున్నది అందుకే. నవ్వేవాళ్లు ఇక్కడొకసారి నవ్వుకోవచ్చు.

ఆలోచన బెల్లం నుంచి వచ్చింది. అంటే, బెల్లం కట్టిన కాగితం నుంచి. ఏదో ఇంగ్లీషు పత్రిక పుట అది. దాని మీద ఒక బొమ్మ ఉంది: ఇసుక, పెద్ద పెద్ద రాళ్లు, రాళ్ల మధ్య నిలువెత్తు జెముళ్లు, వెనక కొండ. ఎంత ఠీవిగా ఉందో! ఒక్క బిందె నీళ్ల జాడ లేదు. కింద రాసిన ఇంగ్లీషు నాకు రాదు, అయినా చదవడం వచ్చినవాడికి ఉండే పొగరు అప్పటికే పట్టేసింది కాబట్టి అదేదో విలాయతులో పెద్ద మనిషి తోట అని నేనే తీర్మానించుకున్నాను. బెల్లం మరకలు తుడిచి, మడత పెట్టుకుని, గులాబీలు వాడిపోయి దొర తోటలో చిందులు తొక్కుతున్న పొద్దు చూసి, ఎదురుగా పోయి కాగితం విప్పి పట్టుకుని నిలబడ్డాను.

"ఏందిరా గిది?" అన్నాడు దొర.

"తోట దొరా. విలాయతుల లాట్ సాబు బంగ్ల ముందట గిట్లనే ఉంటదంట."

"గులాబీ ఏదిరా గిందుల?"

"గులాబీలు పాత షోకు అయిపోయినయట దొరా. ఇప్పుడు పెద్దోళ్లెవ్వరు పెట్టుకుంటలేరట."

దొర నా వైపు అనుమానంగా చూశాడు. "మా బావ బంగ్లల ఉన్నయి గద."

"పాపం" అన్నాను.

ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది. దొర మొహంలో దీపం వెలిగింది. కాగితం చేతికి తీసుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "మరి నీళ్లు?"

"చుక్క అక్కర్లే."

"కలుపు?"

"ముండ్లల్ల చెయ్యి పెట్టి ఎవ్వడు తీస్తడు దొరా? తియ్యకపోయినా కనవడదు."

"మాలి?"

నా వెనక మాలి చాచా పెద్దగా దగ్గాడు. "మాలి ఉండాలె దొరా" అన్నాను తడుముకోకుండా, "రాళ్లు తుడవాలె కద." దొర నక్షా గీయడానికి లోపలికి పోగానే చాచా నా చెవి పట్టుకున్నాడు. "అరే బేటా, నలభై ఏండ్ల సంది పూలు పెంచిన. ఇప్పుడు రాళ్లకు మొహం కడుగాల్నా?" అన్నాడు. "ఫికర్ చెయ్యకు చాచా, పూలు చస్తయి గని రాళ్లు చావయి. నీ నౌకరి పక్కా" అన్నాను. చాచా చెవి వదిలేసి, వాడిన గులాబీలను చూస్తూ ఒక్కొక్క బేగానికీ సలాం చెప్పాడు.

పనిలో దిగాక తెలిసింది, దొరకూ నాకూ పెద్ద తేడా లేదని. ఇద్దరికీ ఆ తోట పిచ్చి పట్టుకుంది. గుట్ట మీదనుంచి రాళ్లు బండి మీద తెచ్చాం. చేల గట్ల నుంచి నాగజెముళ్లు, బొమ్మజెముళ్లు గోనెసంచులు చుట్టి పట్టుకుని పెరికి తెచ్చాను. పది రోజులు నా చేతులు జల్లెడలాగా ఉన్నాయి. కలబంద గుండ్రంగా వరుస పెట్టాను, దారులకు ఎర్ర మొరం పోశాను, చిన్న రాళ్లకు సున్నం కొట్టాను. అంతా అయ్యాక దొర నక్షా తిరగేసి, "మా బావకు నడుమల ఫౌంటెన్ ఉన్నది. మనకు నడుమల ఏదిరా?" అన్నాడు. నీళ్లు లేని ఫౌంటెను ఎలా పెట్టాలి? గుట్ట మీదనుంచి ఛాతీ ఎత్తు రాయి ఒకటి దొర్లించుకొచ్చి నడుమ నిలబెట్టాను. దానికీ సున్నం కొట్టాను. దొరకు అదీ చాలలేదు. "బోసిగ ఉన్నదిరా, ఎర్ర పట్టీలు గియ్యి" అన్నాడు. జాజు (ఎర్రమట్టి) కలిపి అడ్డంగా మూడు పట్టీలు గీశాను. వెనక పాత వేపచెట్టు ఉంది, అడ్డమని కొట్టేద్దామంటే నీడ పోతుందని ఉంచాం.

తెల్లటి రాయి, మీద ఎర్ర పట్టీలు, చుట్టూ చిన్న రాళ్లు, నెత్తిన వేపకొమ్మ. మా వైపు చెరువు కట్ట మీద ఊరిని కాచే మైసమ్మ తల్లి ఎట్లా ఉంటుందో చూసినవాళ్లు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. మా ఊరి పసిపిల్లకు కూడా తెలిసే సంగతి అది. నాకు మాత్రం తట్టలేదు! ఎందుకంటే దేవుడు లేడని ఆ మధ్యే ఒక చింతపండు పొట్లం మీద చదివి, ఇక అటువైపు చూడటం మానేసి ఉన్నాను. చాచాకు మైసమ్మ సంగతి పట్టదు. దొరకు తన నక్షా తప్ప ఏదీ కనబడదు. ముగ్గురం కలిసి మైసమ్మను నిలబెట్టి, దూరం పోయి చూసి, "అచ్చం లాట్ సాబు తోటే" అనుకున్నాం.

మర్నాడు మా అవ్వను ఎవరూ పిలవలేదు. అంతకుముందెన్నడూ అట్లాంటి పొద్దు ఆమె ఎరగదు. లేచింది, అలవాటుగా బిందె చంకన పెట్టుకుంది, దించింది, వాకిలి రెండుసార్లు ఊడ్చింది, మళ్లీ బిందె వైపు చూసింది. "అవ్వా, కూసో" అన్నాను. కూర్చుంది. కూర్చుని, "కూసుంటే ఏం చెయ్యాలె రా?" అని అడిగింది. కాసేపటికి లేచి, ఉత్త చేతులతో చెరువు కట్ట మీదికి పోయి కూర్చుంది. ఎండెక్కాక వచ్చి, "మన చెరువుల ఎన్ని పిట్టలున్నయి రా బిడ్డా! ఇన్నేండ్లు నేను సూడనే లేదు" అంది. ఆ రోజు నేను లోకాన్ని జయించినట్టు నడిచాను. రోడ్డు మీద లారీ పోతే దానికి కూడా దారి ఇవ్వలేదు (హారన్ కొట్టాక ఇచ్చాను).

నా రాజ్యం వారం రోజులు సాగింది. ఆషాఢం వచ్చింది. మా పక్కింటి పెద్దవ్వ, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని గడి ముందు నుంచి పోతూ దర్వాజ సందులోంచి లోపలికి చూసింది. గంప అక్కడే దించేసింది. "మైసమ్మ తల్లీ! గడిల కొచ్చి కూసున్నవా! కట్ట మీద మేం సక్కగ సూసుకుంటలేమనా!" అని రెండు చేతులూ ఎత్తి కేక పెట్టింది. మధ్యాహ్నానికి వాడంతా గడి ముందుంది. నేను అడ్డం పోయి, "పెద్దవ్వా, గది మైసమ్మ కాదే, ఫౌంటెను" అన్నాను. "అవ్ బిడ్డా, నీకేం ఎర్కలే. తల్లి నీ చేతుల మీదుగ లేసింది, అదృష్టవంతునివి" అని నాకే ముందు బొట్టు పెట్టింది. ఆ రోజు నుంచి మా ఊళ్లో నా పేరు మైసమ్మ మేస్త్రి. ఇన్నేళ్ల తర్వాత కూడా బజారులో పాతవాళ్లెవరైనా ఉంటే అట్లాగే పిలుస్తారు, నేను పలకను.

దొర కట్టె పట్టుకుని బయటికి ఉరికాడు. కానీ వెనకాలే దొర్సాని వచ్చి, "కూసున్న తల్లిని లేపి, ఏమన్న అయితే నీదేనా పూచి?" అని గట్టిగా అడిగింది. దొర ఆగాడు. పక్క ఊళ్లలో గడీలు తగలబడుతున్న రోజులవి. దర్వాజలో నిలబడ్డ అంతమంది ఆడవాళ్లను చూశాడు, రాయిని చూశాడు, లెక్క వేసుకున్నాడు. మైసమ్మ కూర్చున్న గడికి నిప్పు పెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది? మరుక్షణం కట్టె దాచేసి, "మా నక్షాలనే ఉండె" అన్నాడు. అబద్ధం కూడా కాదు. దర్వాజ బార్లా తెరిపించాడు.

ఇక మొదలైంది. మైసమ్మకు మొక్కాలంటే సాక పోయాలి కదా. సాక అంటే వేపాకు, పసుపు వేసిన నీళ్లు. ఒక్కొక్కరు చెంబు తెచ్చారు, మొక్కు పెద్దదైతే బిందె తెచ్చారు. జ్వరాలన్నీ ఒక్కసారిగా తగ్గిపోయాయి. దొర గద్దించినా రాని ఆడవాళ్లు పొద్దు పొడవక ముందే చెరువుకు పోయి నీళ్లు తెచ్చి నా తోటలో గుమ్మరిస్తున్నారు. చుక్క నీరు అక్కర్లేని తోట అని నేను చెప్పి వేస్తే, దొర గులాబీలు కూడా ఎన్నడూ తాగనన్ని నీళ్లు నా జెముళ్లు తాగుతున్నాయి! నేను దర్వాజ దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాను. మంచిగా చెప్పాను, కోపంగా చెప్పాను. "సాక పక్కన పొయ్యుండ్రి, జెముడుకు తాకొద్దు" అని బతిమాలాను కూడా. వాళ్లు నా మీద కూడా ఇన్ని చల్లి పోయారు.

ఒక పొద్దున ఇంట్లో బిందె కనబడలేదు. పరుగెత్తాను. మా అవ్వ గడి దారిలో ఎదురుగా వస్తోంది, నడుము మీద నిండు బిందె, అదే పక్క, అదే నల్లటి కాయ మీద. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రోడ్డు మీదే నిలబెట్టి, "నీ నడుము మీదికెళ్లి బిందె దించుదామని గద నేను గింత చేసిన! ముండ్లన్ని చేతులకు గుచ్చుకున్న! మల్ల నువ్వే మోస్తున్నవా? గది రాయి అవ్వా, ఉత్త రాయి! నేనే దొర్లించుకొచ్చిన!" అని అరిచాను.

"తెల్సు" అంది.

"ఏం తెల్సు?"

"రాయని తెల్సు. సున్నం నీదేనని తెల్సు. వారం దినాలు నీ గోర్ల సందుల సున్నం తీసింది ఎవ్వలు? నేనేనాయె."

"మరెందుకు మోస్తున్నవ్?"

ఆమె బిందె దించలేదు. ఒక పక్కకు ఒరిగి, నా వైపు చూసి నవ్వింది. "గా బిందె దొరది బిడ్డా, గీ బిందె నాది. మోయమన్నోడు లేడు, ఒద్దన్నోడు లేడు. ఇన్నేండ్లు పక్కసందుల నుంచి ఎనుకకు వొయిన. ఇయ్యాల పెద్ద దర్వాజల నుంచి నెత్తి పైకి వెట్టి పోత. దొర్సాని జరిగి తొవ్వ ఇస్తది, సూద్దువు రా." రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఇంకోటి. నా కొడుకు నిలవెట్టిన రాయికి నేను గాక ఎవ్వలు పోస్తర్రా నీళ్లు?" అంది.

చింతపండు పొట్లం మీద దీనికి జవాబు రాసి లేదు. "ఇటియ్యి, నేను మోస్త" అన్నాను. ఇవ్వలేదు. వెనకాలే నడిచాను. ఆమె నిజంగానే పెద్ద దర్వాజ నుంచి పోయింది. దొర్సాని నిజంగానే జరిగింది.

శ్రావణం వచ్చేసరికి నా జెముళ్లన్నీ కుళ్లిపోయాయి. ముందు మెత్తబడ్డాయి, తర్వాత మోకాళ్ల మీద కూలబడ్డాయి, ఆ తర్వాత ఈగలు వచ్చాయి. మాలి చాచా వాటి మధ్య తిరుగుతూ, "బేటా, నీళ్లు లేక చచ్చిన తోటలు నేను మస్తు చూసిన. నీళ్లెక్కువై చచ్చిన జెముళ్లు దునియాల నీయే" అన్నాడు. కానీ ఆయన గొంతులో సంతోషం నాకు వినబడింది. ఎందుకంటే మొక్కుకు తెచ్చిన బంతిపూలు అక్కడే ఎండి, విత్తనాలు రాలి, ఆ తడికి బంతి మొలిచింది. ఎవరూ నాటలేదు. కొద్ది రోజుల్లో గడి ముందరంతా ఒకటే పసుపు. చాచా ఒక్కొక్క బంతికీ మళ్లీ పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఈసారి బేగంలు కారు, అన్నీ మా వాడ ఆడవాళ్ల పేర్లే. అన్నిటికన్నా పొడుగ్గా పెరిగినదానికి మా అవ్వ పేరు పెట్టాడు.

అప్పుడే పోలీసు చర్య అని సైన్యం దిగింది. మూడు రోజులు గాలిలో విమానాల మోత. దొర నక్షాలన్నీ చుట్టగా చుట్టి చంకన పెట్టుకుని, దొర్సానిని తీసుకుని పట్నంలో బావ గులాబీల దగ్గరికి పారిపోయాడు. సైన్యం లారీలు మా ఊరి మీదుగా పోతూ గడి ముందు ఆగాయి. అందరూ తలుపులు వేసుకున్నారు. మా అవ్వ మాత్రం సాక పోస్తూ తోటలోనే ఉండిపోయింది, పక్కన నేను. లావుపాటి సిపాయి ఒకడు దిగి వచ్చి, మనది కాని భాషలో ఏదో అంటూ దోసిలి పట్టాడు. దప్పిక ఎవరి భాషలోనైనా ఒకటే. మా అవ్వ మైసమ్మ బిందెలోంచి అతని దోసిలిలో పోసింది. అతను తాగి, మూతి తుడుచుకుని, చుట్టూ ఆ బంతిపూలు, సున్నపు రాళ్లు చూసి, ఇదెవరిది అన్నట్టు చేయి తిప్పాడు. "మా పిలగాని తోట" అంది అవ్వ. అతనికి అర్థం కాలేదు, అయినా తల ఊపాడు. నాకు అర్థమైంది. గడి ముందరి జాగా దొరది కాదని పైకి అన్న మొదటి మనిషి మా అవ్వ. సైన్యం ముందు అంది, భయం లేకుండా.

చలికాలంలో అంతా సద్దుమణిగాక దొర తిరిగి వచ్చాడు. కొంచెం చిక్కాడు, చేతిలో మాత్రం కొత్త నక్షా ఉంది. బావ దగ్గర ఉండి ఉండి మళ్లీ గులాబీలు తలకెక్కాయి. చాచాతో రెండు వరుసలు పెట్టించి, మర్నాడు పొద్దున మైసమ్మకు చెంబు తెచ్చిన మా అవ్వను చూసి, మధ్యలో ఏమీ జరగనట్టే, "ఏమే, రేపటి సంది గులాబీలకు నీళ్లు పట్టుకరా" అన్నాడు. చాచా కత్తెర ఆగింది. మా అవ్వ జన్మలో దొరకు కాదు అని చెప్పినది కాదు, ఆ మాట ఆమె నోటికి అలవాటే లేదు. ఆమె సాక పోయడం ముగించింది. చెంబు బోర్లించి చివరి చుక్క కూడా రాలనిచ్చింది. తల ఎత్తి, చాలా మర్యాదగా, "మైసమ్మకైతే నేను తెస్త దొరా. గులాబీలకైతే మీరే తెచ్చుకోండ్రి" అంది. అని, పెద్ద దర్వాజ నుంచి నడిచి బయటికి పోయింది.

దొర నక్షా వైపు చూసుకున్నాడు. అందులో దీనికి చోటు గీసి లేదు. రెండు రోజులకు ఊరంతా వింత చూసింది. దొర పంచె ఎగగట్టి, ఇత్తడి చెంబుతో తన గులాబీలకు తనే నీళ్లు పోస్తున్నాడు. చెరువు దాకా నడవలేక ఉప్పు బావి నీళ్లే పోశాడు. అవి వారానికే తలలు వాల్చాయి. చాచా బంతుల వైపు పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత ఇంగ్లీషు కూడా పొట్లాల మీదే నేర్చుకున్నాక, పెట్టెలో, నక్షా అయ్యాక దొర పారేస్తే ఏరి దాచుకున్న ఆ బెల్లం కాగితం దొరికింది. బొమ్మ కింద ఏం రాసి ఉందో అప్పుడు చదివాను. అది లాట్ సాబు తోట కాదు. ఎవరి తోటా కాదు. అమెరికాలో మనిషన్నవాడు ఉండని ఒక ఎడారి బొమ్మ. మా అవ్వకు చెప్దామనుకున్నాను, అప్పటికి ఆమె లేదు. గడి కూడా ఇప్పుడు లేదు, ఆ జాగాలో ఫంక్షన్ హాలు ఉంది. రాయిని మాత్రం ఎవరూ కదల్చలేకపోయారు. పక్కన పార్కింగు గోడకు ఆనుకుని ఉంది, పసుపు మీద పసుపు పేరుకుని నా పట్టీలు ఎప్పుడో కనబడకుండా పోయాయి.

ఇక మనవరాలి తోట సంగతి. "తాతా, నీళ్లు పొయ్యొద్దు, కుళ్లిపోతయి" అని నాకు మూడుసార్లు చెప్పింది. నాకే చెప్తోంది! జెముడుకు నీళ్లు పోస్తే ఏమవుతుందో ఈ ఊళ్లో నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఉన్నాడా? అయినా పొద్దున లేవగానే ఈ చేయి ఊరుకోదు. చెంబెడు నీళ్లు తీసుకుని, ఎవరూ చూడకుండా గులకరాళ్ల మీద పోసి, మా అవ్వ పోసినట్టే చెంబు బోర్లించి చివరి చుక్క దాకా ఆగి లోపలికి వస్తాను. ఇప్పటికి మూడు జెముళ్లు పోయాయి. నిన్న నాలుగోది మెత్తబడి ఒరిగింది. దాని పక్కన ఎక్కడిదో ఒక బంతి మొలక తల ఎత్తింది. మనవరాలు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "తాతా, సచ్చెం చెప్పు, నీళ్లు పోస్తున్నవా?" అని అడిగింది.

"నేనా?" అన్నాను, ఒళ్లు మండినట్టు మొహం పెట్టి, చెంబు పంచె చాటుకు జరుపుకుంటూ. "ఈ ఊర్ల నీళ్లు అడగని తోట ఏసిన మొదటోన్ని నేను."